కుంపటిరాయి వెలిగిన మధ్యాహ్నం

హేమకూటి నగరానికి ఎండ రెండు చోట్ల నుంచి కాస్తుందని చెప్పుకుంటారు. ఒకటి ఆకాశం, రెండోది మాంత్రికుడు శంబరదత్తుడి మేడ. ఆ మేడ శిఖరాలకు బంగారు రేకు, ద్వారాలకు బంగారు తొడుగు, కిటికీలకు బంగారు తీగల అల్లిక. మెట్ల పక్కన కూర్చోబెట్టిన సింహాల కోరలు, గోళ్ళు, చివరికి మీసాలు కూడా బంగారమే. మధ్యాహ్నం పూట ఆ వీధిన పోయేవాళ్ళు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తారు. పిచ్చుకలు ఆ చూరు మీద వాలవు. వాలితే కాళ్ళు కాలతాయి.

ఆ మేడ ముందు పల్లకి దిగిన స్త్రీని చూసి ద్వారపాలకులు ఈటెలు పక్కకు తీశారు. మెడలో కాసులపేరు, నడుముకు వడ్డాణం, చేతులకు కంకణాలు, వేళ్ళకు ఉంగరాలు.

"సింధుద్వీపం నుంచి రత్నపరీక్షకురాలు మాణిక్యదేవి వేంచేశారహో!" అని బోయీలు కేక పెట్టారు.

ఆ నగల కింద ఉన్న మనిషికి మాత్రం ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. ఆమె మాణిక్యదేవి కాదు, రసగిరి కొండ కోడలు పగడాలు. పుట్టి బుద్ధెరిగాక గోరంత బంగారం ఒంటిమీద పెట్టుకోలేదు. ఆ కొండలో ఎవరూ పెట్టుకోరు. కొండ కడుపులో ఎర్రటి ఇంగిలీకపు రాయి, దాని పగుళ్ళలో పాదరసం. గని నుంచి వచ్చిన చేత్తో బంగారాన్ని తాకితే అది తెల్లబడి, పెళుసెక్కి, పుటుక్కున విరిగిపోతుంది. అందుకే రసగిరి ఆడవాళ్ళ మెడలో తాళిబిళ్ళ కూడా నల్లగాజుదే. ఈ వేషం వేసేటప్పుడు దాన్ని తీసి తనకిమ్మని భర్త మైలారు బతిమాలాడు. "అరువు నగల కోసం నా బిళ్ళ తియ్యనా? చాల్లే!" అని పగడాలు దాన్ని రవికలోకి దోపుకుంది. ఆ నగలు వీళ్ళిద్దరూ మొసళ్ళ మడుగులోంచి బయటికి లాగిన వర్తకుడు కృతజ్ఞతతో ఎరువిచ్చినవి.

ఆమె వచ్చింది అత్త గంగసాని కోసం.

కిందటి అమావాస్య నాడు శంబరదత్తుడి భటులు రసగిరి మీద పడ్డారు. పగడాలు అత్తవారింట్లో, పొయ్యి పక్క గూట్లో తరతరాలుగా ఉన్న కుంపటిరాయిని ఎత్తుకుపోయారు. దాన్ని వదలకుండా పట్టుకుని వేలాడిన గంగసానిని కూడా రాయితోపాటే మోసుకుపోయారు. ఆ రాయి వెలిగిందంటే దానిలోని ఎర్ర నరాలు కొండ గర్భంలోని రసకుండానికి దారి చూపిస్తాయి. అది పాదరసపు మడుగు. అందులో మునిగినవాడికి చావు లేదని శంబరదత్తుడి ఆశ. వెలిగించే మర్మం ఆ ఇంటి అత్త కోడలికి చెప్పాలి. గంగసాని చెప్పలేదు. మర్మం దాకా ఎందుకు, పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఉప్పుగది తాళంచెవి కూడా కోడలి చేతికివ్వలేదు.

ఇవాళ పొద్దుగూకేలోగా రాయి వెలగకపోతే ముసలిదాన్ని రాతిబొమ్మను చేస్తానని మాంత్రికుడు చాటింపు వేయించాడు. మేడ వెనక నదిలో మైలారు తెప్ప కట్టుకుని కాచుకున్నాడు. ముసలావిడను అక్కడిదాకా చేర్చడం పగడాలు పని.

శంబరదత్తుడు స్వయంగా ఎదురొచ్చాడు. అప్పుడే నేతిలోంచి తీసిన అరిసెలా నున్నగా మెరిసిపోతున్నాడు. చేతిలో బంగారు మంత్రదండం లేకపోతే ఎవరో పెళ్ళిపెద్ద అనుకోవచ్చు.

"రావమ్మా, రా! నా శిలాశాల చూసినవాళ్ళకు మళ్ళీ ఇంటిమీద ధ్యాస ఉండదు," అంటూ లోపలికి దారి తీశాడు.

ఆ శాల నిజంగానే చూడదగ్గది. గోడల పొడవునా స్ఫటికపు అరలు. ఒకదానిలో నెమలికంఠం రంగు రాళ్ళు, ఒకదానిలో లేత తాటిముంజల్లాంటి చంద్రకాంతాలు. దానిమ్మకాయ పగలగొట్టి కుమ్మరించినట్టు కెంపులు. తుమ్మబంక గడ్డలాంటి పసుపురాయిలో రెక్కలు విప్పిన చీమ ఒకటి ఎగరబోతూ ఆగిపోయింది. కలువ రేకుల్లా పొరలు పొరలుగా విచ్చుకున్న తెల్లరాయిని చూస్తే, ఊదితే రాలిపోతుందేమో అనిపించింది. మధ్యలో ధూపపు కుంపటిలోంచి సాంబ్రాణి పొగ లేస్తోంది. ఒక్క రాయి మీద కూడా దుమ్ము లేదు. ఇన్ని తుడవడానికి ఎంతమంది దాసీల నడుములు విరిగి ఉంటాయో అనుకుంది పగడాలు.

చివరి అరలో మూరెడు పొడుగు రాతిబొమ్మలున్నాయి. ఒక బొమ్మ చేతిలో భూతద్దం. ఇంకో బొమ్మ నోరు ఏదో మాట సగంలో ఉండగానే తెరుచుకుని ఉంది.

"వీళ్ళెవరు స్వామీ?"

"నీకన్నా ముందొచ్చిన రత్నపరీక్షకులు. రాయి వెలిగిస్తామన్నారు, వెలిగించలేకపోయారు. దేన్నైనా పారేయడం నాకు అలవాటు లేదమ్మా. దాచుకున్నాను."

పగడాలు ఆ తెరుచుకున్న నోటివైపు ఒక్క క్షణం చూసి ముందుకు నడిచింది.

పడమటి గోడ దగ్గర బంగారు తీగల పంజరం. లోపల పీట మీద గంగసాని. చిక్కిపోయింది, జుట్టు రేగింది, చూపు మాత్రం అలాగే ఉంది. చారులో ఉప్పు తక్కువైతే చూసే చూపు. ఆ చూపు పగడాలు తలమీది పాపిడిబిళ్ళ నుంచి కాలి అందెల దాకా ఒకసారి దిగి మళ్ళీ పైకి వచ్చింది. గుర్తుపట్టింది. వెంటనే మొహం తిప్పుకుంది.

"ఇంకోటి వచ్చిందా? ఏమిటా అలంకారం, జాతర గంగిరెద్దులాగా! దీనికి రాళ్ళు తెలుసునంటావా? బియ్యంలో రాళ్ళు ఏరడం వచ్చో రాదో అడుగు ముందు!"

బియ్యంలో రాళ్ళ గొడవ ఆ ఇంట్లో పాతదే. పగడాలుకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

"ముసలిదానికి నోరెక్కువలా ఉందే స్వామీ," అంది.

"అడగకు. పంజరానికి అందంగా ఉంటుందని ఒంటినిండా నగలు పెట్టించాను. అన్నీ పీకి నా మొహాన కొట్టింది. ఇప్పుడు చూడు, చేతులెలా వణుకుతున్నాయో! భయం మొదలైంది."

గంగసాని వణికే చేతులు రెండూ తీగల సందులోంచి బయటికి చాపింది. "ఇది భయం వణుకు కాదురా, కొండ ఇచ్చిన వణుకు. మా గనుల్లో పనిచేసిన ప్రతి చెయ్యీ వణుకుతుంది. నిన్ను చూసి వణకాలంటే నువ్వింకా చాలా ఎదగాలి."

శంబరదత్తుడు పళ్ళు నూరి చప్పట్లు చరిచాడు. దాసి దంతపు పళ్ళెంలో రాయిని తెచ్చి పెట్టి వెళ్ళింది.

కుంపటిరాయి చూడ్డానికి ఏమీ బాగుండదు. పిడికెడు గడ్డ. మాసిన కర్పూరపు బిళ్ళలా, దుమ్ము పట్టిన కొమ్ముముక్కలా బూడిద తెలుపు. అక్కడక్కడ ఇంగిలీకపు ఎరుపు మరకలు. సంతలో పడేస్తే కుక్క కూడా వాసన చూడదు. పగడాలుకు మాత్రం దాన్ని చూడగానే తన వంటిల్లు గుర్తుకొచ్చింది. పొయ్యి సెగ, గూటికి పట్టిన మసి, రాయి పక్కన అత్త దాచుకునే వక్కపొడి డబ్బీ.

"శకునం మంచిది కాదు దీనిది," అంటున్నాడు మాంత్రికుడు. "దీన్ని మోసిన దాసీల బంగారు ఉంగరాలన్నీ సీసపు ఉంగరాలయ్యాయి. మార్చేసి అబద్ధాలాడారు, దొంగముండలు. కొరడాతో కొట్టించాను."

పగడాలు మొహం కదలనివ్వలేదు. రాయిని అందుకోవడానికి చెయ్యి చాపింది. చాపే ముందు, తనకు తెలియకుండానే, వేళ్ళ ఉంగరాలు ఒక్కొక్కటే తీసి పళ్ళెం పక్కన పెట్టింది. కంకణాలు కూడా తీసి పెట్టింది. కొండలో పుట్టిన పిల్లకు ఉగ్గుపాలతోనే అలవాటయ్యే పని అది. గనిలోకి పోయేముందు, రాయి ముట్టుకునేముందు, ఒంటిమీద పసుపుపచ్చగా మెరిసేది ఏదీ ఉండకూడదు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

పంజరంలోంచి "అయ్యో, నీ తెలివి తగలెయ్యా!" అన్న మాట వినబడ్డాక గానీ తానేం చేసిందో పగడాలుకు తెలియలేదు.

శంబరదత్తుడు నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట కదిలేలా నవ్వాడు.

"రాయి ముట్టుకోబోతూ బంగారం తీసిపెట్టే జాతి ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. రసగిరి జాతి! ఏదో మొక్కుబడి మీకు. సింధుద్వీపమట, మాణిక్యదేవట!" దండం ఎత్తాడు. శాల తలుపులు దభాలున మూసుకున్నాయి. "ఎవరు నువ్వు?"

ఇక దాచి లాభం లేదు. పగడాలు కాసులపేరు తెంపి నేలకేసి కొట్టింది. వడ్డాణం విప్పి దానిమీద పడేసింది. పాపిడిబిళ్ళ, అందెలు అన్నీ వరసగా పడ్డాయి. ఒళ్ళు తేలికైంది.

"గంగసాని కోడల్ని. పేరు పగడాలు. మా అత్తను తీసుకుపోవడానికొచ్చాను, తీసుకునే పోతాను. నువ్వు నవ్వడం అయిపోతే తలుపు తీయించు."

"ఎంత పొగరు! ఈ మేడలో ఎంత బంగారముందో తెలుసా నీకు?"

"మా పొయ్యిలో బూడిదతో గిన్నెలన్నా తోముకుంటాం. నీ బంగారం దానికీ పనికిరాదు."

శంబరదత్తుడి మొహంలో నెయ్యి గడ్డకట్టింది. దండం కొసను పంజరంవైపు తిప్పాడు. "పొద్దు గూకేదాకా ఎందుకు? ఇప్పుడే వెలిగించు. లేకపోతే నీ అత్త ఈ క్షణమే అరలోకి ఎక్కుతుంది."

"వాడికి లొంగకే!" అని అరిచింది గంగసాని. "నేను రాయినైతే అయ్యాను. ఎలాగూ మోకాళ్ళ నొప్పులే. రాయికి నొప్పులుండవు."

"నువ్వు ఊరుకో అత్తా. రాయివైతే ఆ ఉప్పుగది తాళంచెవి ఎక్కడ వెతుక్కోవాలి నేను?"

"చచ్చేవేళ కూడా తాళంచెవి గొడవేనా నీకు?"

"బతికున్నప్పుడు ఇస్తే చచ్చేవేళ అడుగుతానా? మామ పోయినప్పుడు ఇవ్వలేదు. నా తోడికోడలు వేరుపడినప్పుడు ఇవ్వలేదు. రాయి మర్మం చెప్పమంటే చీపురు తిరగేశావు!"

"చెప్పకపోబట్టే కదా ఇవాళ కొండ మిగిలింది! చెప్పి ఉంటే ఈపాటికి వీడి చెవిలో వేసేదానివి!"

మాంత్రికుడు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాడు. అతడి దండం ముందు రాజులు మోకరిల్లారు, సేనలు పారిపోయాయి. దండం ఎత్తి ఉండగా తన మొహం కూడా చూడకుండా పోట్లాడుకునేవాళ్ళను అతడు ఎన్నడూ చూడలేదు.

పోట్లాట నడుస్తుండగానే పగడాలు కళ్ళు తమ పని తాము చేస్తున్నాయి. బంగారు తీగల పంజరం. సాంబ్రాణి కుంపటి. చేతిలో రాయి. మాంత్రికుడి మాట: ఏదో మొక్కుబడి మీకు. అంటే బంగారం ఎందుకు తీసిపెడతారో వీడికి తెలియదు!

"వెలిగిస్తాను," అంది గట్టిగా.

గంగసాని మొహం పాలిపోయింది.

"మెత్తబడ్డావు," అన్నాడు శంబరదత్తుడు.

"ముందు రాయికి సెగ చూపించాలి. తరవాత చీకటి కావాలి. తెరలన్నీ దించు. ఆ పడమటి గోడ మీద కాసంత చిన్న గవాక్షం ఉందే, అదొక్కటే తెరిచి ఉంచు. ఈ రాయి కాపలా మనిషి చేతిలోనే వెలుగుతుంది. పంజరంలో ఆమెకివ్వాలి."

కడపటి మాట పచ్చి అబద్ధం. కానీ ఆశపడ్డవాడికి అబద్ధమే ముందు వినబడుతుంది. శంబరదత్తుడు తల ఊపాడు.

పగడాలు రాయిని ధూపపు కుంపటి అంచున పెట్టి, గారె తిప్పినట్టు అటూ ఇటూ తిప్పింది. రాయి వేడెక్కి చెమర్చడం మొదలుపెట్టింది. పగుళ్ళలోంచి ఆవగింజల్లాంటి వెండి చుక్కలు ఊరాయి. చుక్కలు రాలకుండా కొంగులో చుట్టి తీసుకుపోయి, అన్నం పెట్టే చిన్న కిటికీలోంచి అత్త చేతుల్లో పెట్టింది.

"ఇంటి పరువు తీశావు కదే..." అంటూ గంగసాని రాయిని పట్టుకుంది. బొటనవేలికి తడి తగిలింది. ఆగింది. కోడలి మొహంలోకి చూసింది. చుట్టూ ఉన్న తీగలవైపు చూసింది. నోరు మూసుకుంది. అత్త తనంతట తాను నోరు మూసుకోవడం పగడాలు మొదటిసారి చూసింది.

తెరలు దిగాయి. పడమటి గవాక్షంలోంచి ఒక్క ఎండకమ్మి ఏటవాలుగా వచ్చి పంజరంలో రాయి మీద పడింది. పగడాలు రవికలోంచి నల్లగాజు తాళిబిళ్ళ తీసింది. పంజరం పక్కన ఉన్న పీఠమెక్కి, బిళ్ళను గవాక్షానికి అడ్డం పెట్టింది.

ఎండకమ్మి మాయమైంది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఎండలో కంటికి ఆనని కిరణం మాత్రం ఆ నల్లగాజును దాటి రాయిని తాకింది.

ఆ చీకట్లో రాయి వెలిగింది.

ముందు నివురు కింద నిప్పులా, చూశామా లేదా అన్నట్టు. తరవాత విసనకర్రతో విసిరిన కుంపటిలా. నారింజ, ఎరుపు, నారింజ. మాసిన కర్పూరపు గడ్డ ఎక్కడికి పోయిందో, గంగసాని దోసిట్లో పిడికెడు కణకణలాడే బొగ్గులున్నాయి. ముసలి వేళ్ళు సంధ్యవేళ మోదుగు రెక్కల్లా మెరిశాయి. సెగ లేదు, పొగ లేదు. అరల్లోని వేయి రత్నాలు చీకట్లో చచ్చి పడి ఉంటే, ఎవరూ చూడని ఆ రాయి ఒక్కటే బతికి ఉంది. దాని లోపల ఇంకా చిక్కటి ఎర్ర నరాలు పాయలు పాయలుగా విడిపోయి దారులు గీశాయి.

"ఆహా! తూర్పు కనుమ... రెండు పాయలు... ఎడమ పాయ పట్టుకుని లోయలోకి..." శంబరదత్తుడు పంజరానికి ముక్కు ఆనించి, పసిపిల్లాడు మిఠాయి చూసినట్టు చూస్తున్నాడు. గంగసాని చేతులు వణుకుతున్నాయి. వణికే చేతుల్లోంచి వెండి చుక్కలు జలజలా రాలి తీగల మీద పడుతున్నాయి. ఆవిడ కొంగుతో వాటిని తీగల మొదళ్ళకు మెల్లగా రుద్దుతోంది, ఇత్తడి బిందె తోముతున్నంత శ్రద్ధగా.

చిటుక్.

"ఏమిటా చప్పుడు?"

"కుంపట్లో బొగ్గు," అంది పగడాలు.

చిటుక్. చిటుక్. తరవాత ఒక్కసారిగా పంజరం ముందు భాగమంతా జంతికల్లా కరకరా విరిగి కింద పడింది. ఖడ్గాలకు తెగని తీగలు, మంత్రాలకు లొంగని తీగలు తెల్లబడి పొడిపొడి అయ్యాయి. గంగసాని బయటికొచ్చి, వంగి చూస్తున్న మాంత్రికుణ్ణి భుజంతో ఒక్క తోపు తోసింది.

పగడాలు బిళ్ళ తీసి పీఠం మీంచి దూకింది. ఎండకమ్మిలో శంబరదత్తుడి దండం ఆమె గుండెకు గురిపెట్టి మెరిసింది. మంత్రం అతడి పెదాల మీద ఉంది. గంగసాని మధ్యలోకి దూరి, తడిరాయిని దండం మీద మోపి నొక్కింది. బంగారం తెల్లబడింది. దండం రెండు ముక్కలైంది. కానీ అప్పటికే మంత్రం బయలుదేరింది. పచ్చటి మెరుపు ఒకటి కిందికి దూకి ముసలావిడ ఎడమకాలిని కరిచింది. పాదం రాయైంది. చీలమండ రాయైంది.

"అత్తా!"

"నడవలేను. ఇది పైకి పాకుతుందే. రసకుండంలో ముంచితే గానీ కరగదు."

శంబరదత్తుడు విరిగిన దండం ముక్కలను పసిబిడ్డలా ఒళ్ళోకి తీసుకుని కేకలు పెడుతున్నాడు. బయట భటులు తలుపు బాదుతున్నారు. పగడాలు మరి ఆలోచించలేదు. అత్తను వీపున వేసుకుంది. తన నీళ్ళబిందె కూడా ముట్టుకోనివ్వని అత్త, మడికట్టుకుని ఆమడదూరం నిలబెట్టే అత్త, మెడచుట్టూ చేతులు వేసి వేలాడింది. పోతూ పోతూ పగడాలు చివరి అర ముందు ఒక్క క్షణం ఆగింది. "మళ్ళీ వస్తాం. మిమ్మల్నీ వదలం," అంది తెరుచుకున్న నోటి బొమ్మతో.

నదివైపు కిటికీ. దానికీ బంగారు అల్లికే. రాయిలో మిగిలిన నాలుగు చుక్కలూ గంగసాని దానికి పులిమింది. పగడాలు మోచేత్తో పొడిచింది. అల్లిక అప్పడంలా పగిలింది. ఎక్కడో పాతాళంలో నది. దాని మీద తమలపాకంత తెప్ప. తెప్ప మీద మైలారు. అతడు మొహం అటు తిప్పి ఉన్నాడు, వీళ్ళను చూడలేదు. రెండు వంపుల నుంచి మాంత్రికుడి పడవలు అతడివైపే వస్తున్నాయి.

వెనక తలుపు విరిగింది.

"దారి చూశాను!" అని శంబరదత్తుడు గొంతు చించుకుని అరుస్తున్నాడు. "మీరు పాకుతూ పోయేసరికి నేను రసకుండంలో మునిగి లేస్తాను! నాకు చావుండదు! విన్నారా?"

గంగసాని కోడలి చెవిలో నోరు పెట్టింది. "రాయిని తలకిందులుగా పట్టుకున్నానే. వాడు చూసిన దారి మొసళ్ళ మడుగుకు పోతుంది."

పగడాలు కిటికీ గట్టెక్కి నిలబడింది. గాలి చీరను ఎగరేస్తోంది.

"సరేగానీ, బిళ్ళ సంగతి నీకెవరు చెప్పారే?"

"కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే చూశాను, వంటింటి తలుపు సందులోంచి. పొగగూటికి నీ బిళ్ళ అడ్డం పెడుతున్నావు."

"దొంగచూపులదానా! ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదే!"

"నువ్వు చెప్తావని చూశాను."

రాయి బరువు మోకాలిదాకా పాకడం పగడాలు వీపుకు తెలుస్తోంది. భటుల అడుగులు శాల మధ్యకు వచ్చాయి.

"నన్నిక్కడ దింపెయ్," అంది గంగసాని చివరికి. "ఈ కాలు నిన్ను అడుక్కి ముంచుతుంది. రాయి తీసుకుని నువ్వు పో. ఇంటి పరువు రాయిలో ఉంది."

"ఇంటి పరువు నా వీపు మీద ఉంది. గట్టిగా పట్టుకో."

నడుము దగ్గర ఏదో చల్లగా తగిలింది. వణికే వేళ్ళు ఆమె మొలలో ఒక ఇనప తాళంచెవిని దోపి, జారకుండా కుచ్చిళ్ళ ముడిలోకి నెట్టాయి.

"నీళ్ళలో పోగొట్టావంటే చూడు," అంది అత్త.

మొదటి ఈటె కిటికీ చట్రంలో దిగింది. పగడాలు కిందికి చూడకుండా దూకింది.